ఎడారిలో కొబ్బరిచెట్లు

సౌదీ అరేబియాలోని తెలుగు కుటుంబాలలో ఈద్ సెలవులు వచ్చినవంటే పిల్లల మొదటి కోరిక వాటర్ పార్కే. జిద్దాలో సయాన్ అనే పేరుతో ఒకటి ఉన్నది. రియాద్ శివారున కిద్దియాలో ఆక్వారేబియా అనే భారీ పార్కుకు 2022లో నిర్మాణపు ఒప్పందం కుదిరినది. ఇటువంటి వినోదస్థలాలకు ప్రపంచమంతటా దాదాపు ఒకే అలంకారం: ఫైబర్ గ్లాసు కొబ్బరిచెట్లు, కృత్రిమ జలపాతాలు, ఆకుల పాకలు, యంత్రంతో లేచే అలలు. కోనసీమలో పుట్టిన తాత మనుమని చేయి పట్టుకొని, టిక్కెట్టు కొని, ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు క్రింద కూర్చొనుట నవ్వు పుట్టించే దృశ్యమే గాని, అందులో తప్పేమీ లేదు. ఆ అలంకారానికి తగిలించే ‘ఉష్ణమండలం’ అనే పేరే పిల్లలకు తప్పు పాఠం చెప్పుచున్నది.

జిద్దా నిజంగానే ఉష్ణమండలంలో ఉన్నది. దాని అక్షాంశం సుమారు 21.5 డిగ్రీలు. రియాద్ కర్కటరేఖకు కొంచెమే ఉత్తరాన ఉన్నది. అయినను అక్కడ అడవులు లేవు. భూమధ్యరేఖ వద్ద వేడెక్కి పైకి లేచిన గాలి తన తేమను చాలవరకు అక్కడే వానగా కురిపించి, ఈ అక్షాంశాల మీద పొడిగా క్రిందికి దిగుతుంది. దిగే గాలి మరింత వేడెక్కి మేఘాన్ని కట్టనీయదు. అచ్చటి అరణ్యాన్ని, ఇచ్చటి ఎడారిని పెంచుతున్నది ఒకే గాలి అన్నమాట. (అదే ద్వీపకల్పంలో, ఒమాన్ దేశపు సలాలాను నైరుతి ఋతుపవనం తాకుతుంది. అక్కడి కొబ్బరితోటలు మాత్రం నిజమైనవే.)

జులై మాసంలో రియాద్ ఉష్ణోగ్రత 43 డిగ్రీలున్నపుడు కొలను నుండి బయటకు వచ్చిన పిల్లవాడు గజగజ వణకుతాడు. తల్లి జ్వరమేమోనని నుదురు తాకి చూస్తుంది. జ్వరం కాదు; మట్టికూజాలో నీటిని చల్లబరచే సూత్రమే అది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోక్యాలరీల వేడి అవసరం. ఆ వేడిలో కొంత ఒంటినుండే పోతుంది. గాలిలో తేమ పది శాతమే అయినపుడు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 20 డిగ్రీల దరిదాపులకు దిగిపోతుంది. అదే దమ్మాంలో, తేమ నిండిన ఆగస్టు రాత్రి, తడి ఆరదు, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కరీంనగర్ నుండి వచ్చిన తాపీ మేస్త్రీ ప్రాణం నిలిచేది కూడ ఈ ఆవిరి మీదనే. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 మొదలు 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని ఆ దేశంలో నిబంధన ఉన్నది. తేమ ఎక్కువగా ఉన్న తీరప్రాంతంలో సాయంకాలపు పని కూడ ప్రమాదకరమే కాగలదని గడియారాన్ని మాత్రమే చూచే నిబంధనకు తెలియదు.

కొలనులోని నీరు వడపోతతో తిరిగి తిరిగి వాడబడుతుంది గాని, ఆవిరైన నీరు తిరిగి రాదు. రెండువేల చదరపు మీటర్ల కొలనులో దినానికి ఒక సెంటీమీటరు ఇగిరినదనుకొంటే ఇరవై వేల లీటర్లు నింపవలసి వస్తుంది. నిత్యం పారే నది ఒక్కటైనా లేని దేశమది. రియాద్‌కు నీరు చాలవరకు గల్ఫ్ తీరాన ఉప్పు తీసివేయబడి, 400 కిలోమీటర్లకు పైగా గొట్టాలలో ప్రయాణించి, సుమారు 600 మీటర్ల ఎత్తుకు ఎక్కి చేరుతున్నది. పొర ద్వారా ఉప్పు తీయుటకు ఘనపు మీటరుకు 3 నుండి 4 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఆ ఎత్తుకు చేర్చుటకే మరి 1.6 యూనిట్లు, గొట్టపు రాపిడి అదనం.

ఇంత విన్న పిమ్మట వాటర్ పార్కులను మూయించాలనే ఆవేశం కొందరికి కలుగవచ్చును. అది తొందరపాటు. ఆ దేశపు నీటిలో అత్యధిక భాగాన్ని త్రాగినది వ్యవసాయమే. వేల ఏండ్లనాడు, ఆ నేలపై వానలు కురిసిన కాలంలో భూగర్భాన చేరిన నీటిని తోడి, 1990ల ఆరంభానికి ఏటా సుమారు 40 లక్షల టన్నుల గోధుమలు పండించి ఎగుమతి కూడ చేశారు. అనంతపురంలో ఎండిన బోరుకు ఒక మంచి వర్షాకాలం మీద ఆశ ఉంటుంది. ఈ నీటికి ఆ ఆశ లేదు. ఈ కార్యక్రమాన్ని క్రమంగా తగ్గించాలని 2008లో నిర్ణయించారు. 2016లో ప్రభుత్వపు కొనుగోలు ఆగినది. తరువాత పరిమితంగా అనుమతించారు. పచ్చగడ్డి సమస్య అంతకన్న చిత్రమైనది: పాడిపరిశ్రమకు పేరొందిన అల్మరాయ్ సంస్థ 2014లో అమెరికాలోని అరిజోనా ఎడారిలో భూములు కొని, అక్కడ గడ్డి పెంచి ఓడలలో తెప్పించుకొన్నది. రోజూ పాలు, పెరుగు కొనే ఇంటిలోని నీటి లెక్క ముందు సెలవునాటి స్నానం స్వల్పమే.

కనుక పార్కువారు చేయవలసినది ఒకటున్నది. ప్రవేశద్వారం వద్ద ఆ రోజు ఎంత నీరు ఆవిరైనది, కొత్త నీరు ఎక్కడినుండి వచ్చినది, ఎంత విద్యుత్తు ఖర్చయినది పెద్ద అక్షరాలతో అరబ్బీలోను, పిల్లలు చదివే ఇతర భాషలలోను వ్రాసిపెట్టవలెను. దానికయ్యే ఖర్చు ఒక ఫైబర్ గ్లాసు చెట్టు ఖర్చుకు మించదు. తెలుగు తల్లిదండ్రులు చేయదగినది మరొకటి: సెలవులలో ఒక దినం అల్ అహ్సాకు కేటాయించుట. 2018లో యునెస్కో గుర్తించిన ఆ ఒయాసిస్సులో ఖర్జూరపు చెట్లు ఇరవై లక్షలకు పైగా ఉన్నవి. ఒక్కటి కూడ ప్లాస్టిక్‌ది కాదు. ఒకప్పుడు వాటంతట అవే పొంగిన ఊటలకు నేడు పంపులు బిగించారు. కాలువలలో శుద్ధి చేసిన మురుగునీరు కూడ కలిసి పారుతున్నది. ఎందుకని పిల్లలు తప్పక అడుగుతారు.