జమాఖర్చు: మోగితేనే ఆస్తి

నాకు బాగా నచ్చిన లెడ్జరు మా బ్యాంకుది కాదు. న్యూయార్కు నగరంలో, కెన్మేర్ వీధి 40వ నంబరులో గిటార్లు చేసిన జాన్ డిఏంజెలికో గారిది. 1905లో పుట్టిన ఆయన తొమ్మిదో ఏటనే బంధువైన ఒక పెద్దాయన దగ్గర వయొలిన్లు, మాండలిన్లు చేయడం నేర్చుకున్నారు. 1932లో సొంత దుకాణం పెట్టి, 1964లో కన్నుమూసేదాకా పనిచేశారు. చేసిన గిటార్లకు వరస నంబర్లు వేసి, పుస్తకంలో రాసిపెట్టుకున్నారు. మొత్తం 1,164. ముప్ఫైరెండేళ్ళకు భాగిస్తే ఏడాదికి 36, అంటే నెలకు మూడు! ఇంత చిన్న టర్నోవరుతో అప్పు కోసం వస్తే ఏ మేనేజరైనా కాస్త ఆలోచిస్తాడు. ఈనాడు ఆ నంబర్లలో ఒక్క గిటారు అమ్మకానికి వచ్చినా ధర లక్షల రూపాయల్లో పలుకుతుంది.

ఆయన చేసినవి ఆర్చ్‌టాప్ గిటార్లు. మన పిల్లలు కాలేజీలో వాయించే గిటారుకు పైచెక్క చదునుగా, మధ్యలో గుండ్రటి రంధ్రంతో ఉంటుంది. ఆర్చ్‌టాప్‌కు పైచెక్క వయొలిన్‌లా ఉబ్బెత్తుగా ఉంటుంది. అంగుళం మందం ఉన్న స్ప్రూస్ చెక్కను లోపలా బయటా తొలుచుకుంటూ వచ్చి, మధ్యలో సుమారు పావంగుళం, అంచుల దగ్గర ఇంకా పల్చన మిగిలేలా చెక్కుతారు. మధ్యమధ్య వేలి కణుపుతో తట్టి వింటారు. ఎక్కడ ఆపాలో కొలబద్ద కొంత చెబుతుంది, మిగతాది చెవి చెప్పాలి. వీణ తెలిసినవారికి వీణ మాటల్లోనే చెబుతాను. తీగలు చివర నాగపాశానికి కట్టి ఉంటాయి. వాటి కింది గుర్రానికి జిగురూ మేకూ ఉండవు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, వినబడటానికి. 1920లలో అమెరికా నాట్యశాలల్లో జాజ్ బృందాలు పెద్దవయ్యాయి. అన్ని బాకాల మధ్య మామూలు గిటారు మూగదే. గిబ్సన్ కంపెనీ 1922లో ఎల్-5 అనే నమూనాను తెచ్చింది. గుండ్రటి రంధ్రం పోయి, వయొలిన్‌కు ఉన్నట్టు రెండు పక్కలా ఎఫ్ అక్షరం ఆకారపు రంధ్రాలు వచ్చాయి. కౌంట్ బేసీ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో చేరి 1987లో చనిపోయేదాకా, యాభయ్యేళ్ళు ఆర్చ్‌టాప్ మీద తాళం నడిపారు. ముందుకు వచ్చి ఒంటరిగా వాయించడం బహు అరుదు. మా బ్యాంకుల్లోనూ అటువంటివారు ఉంటారు. వారు సెలవు పెట్టిన రోజునే బ్రాంచికి వారి విలువ తెలుస్తుంది.

ఈ సంగీతం మా బొంబాయికి కొత్తదేమీ కాదు. 1935లోనే లియోన్ ఆబే బృందం అమెరికా నుంచి వచ్చి తాజ్‌మహల్ హోటల్లో వాయించింది. ఆ తరువాత గోవా వాద్యకారులు ఆ స్వరాలను సినిమా సంగీతంలోకి తెచ్చారు. "మనది కాని వాద్యం మీకెందుకండీ?" అని అడిగే పెద్దలకు నా జవాబు ఒక్కటే. వయొలిన్ ఎక్కడిది? ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించాక అది మనది కాదని ఎవరనగలరు? మాండలిన్‌ను మన పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి తెచ్చుకోలేదా?

ఇక నా గిటారు సంగతి. దానికి డిఏంజెలికో నంబరు లేదు. ధోబీతలావ్ దగ్గర వయొలిన్లు బాగుచేసే ఒక గోవా పెద్దాయన చేసినది. మా బ్రాంచి ఖాతాదారు. సెల్లో కోసం తెప్పించగా మిగిలిపోయిన స్ప్రూస్, మేపుల్ చెక్కలతో తీరిక దొరికినప్పుడల్లా చెక్కుతూ రెండేళ్ళలో ముగించారు. 2003లో 22,000 రూపాయలకు నాకిచ్చారు. అప్పటి నా నెల జీతం కంటే ఎక్కువే. డబ్బు లెక్కపెట్టుకుని, "ఒక్క షరతు సాబ్. వారానికి ఒకసారైనా మోగాలి. మోగకపోతే తిరిగి తెచ్చివ్వండి, మీ డబ్బు మీకిచ్చేస్తాను" అన్నారు. స్టాంపు కాగితం లేదు, సాక్షి లేడు. కామర్సు చదివిన నాకు అంతకంటే గట్టి ఒప్పందం ఇంతవరకూ తగల్లేదు.

ఇరవై ఏళ్ళు ఆ షరతు నడిచింది. ముంబయి వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, శ్రుతి నిలవదు. గోడకు ఆనించకుండా, మూత ఉన్న పెట్టెలో, ఎండ తగలని చోట పెడుతూ వచ్చాను. చేసిన పెద్దాయన ఇప్పుడు లేరు. ఆర్చ్‌టాప్‌కు వేసే లావు తీగలు నొక్కడానికి ఎడమచేతికి బలం కావాలి. రెండేళ్ళుగా నా చూపుడువేలు కణుపు వాచి, పది నిమిషాలకే మొరాయిస్తోంది.

సరిగ్గా ఆ సమయంలోనే ఒక హోటలు వారు లక్ష రూపాయలిస్తామన్నారు. పాత బొంబాయి జాజ్ జ్ఞాపకంగా భోజనశాల గోడకు తగిలిస్తారట, దాని మీదికి దీపం కూడా పెడతారట. "చూసేవాళ్ళు మెచ్చుకుంటారండీ" అన్నారు. అమ్మాయి చదువు ఖర్చులున్న ఇంట్లో లక్ష చిన్న మొత్తం కాదు. ఆ రాత్రి శ్రీమతి, నేను చాలాసేపు కూర్చుని లెక్కలు వేసుకున్నాం. చివరికి ఆవిడే, "ఆయన అడిగింది మోగాలని కదండీ, కనబడాలని కాదుగా" అంది. ఆ మాటతో బేరం ముగిసింది.

లాకరులో పెట్టిన సొమ్ము భద్రంగానే ఉంటుంది, కాని దానికి వడ్డీ రాదు, మరొకరి అవసరానికీ అక్కరకు రాదు. ఖాతాలో వేసిన సొమ్ము నలుగురి చేతుల్లో తిరుగుతుంది. వాద్యాన్ని ఖాతాలో వేయాలనుకున్నాను. మా పక్క భవనంలో పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఒకడున్నాడు. మరాఠీవాళ్ళు. అరువు గిటారుతో జాజ్ సాధన చేస్తున్నాడు. వారంలో ఐదు రోజులు నా గిటారు వాడి దగ్గర, శని ఆదివారాలు నా దగ్గర. షరతు మాత్రం పాతదే. మొదటి శుక్రవారం సాయంత్రం తిరిగి తెచ్చినప్పుడు, "అంకుల్, దీని మంద్రస్వరం చెక్కలోంచి వస్తుందా, గాలిలోంచి వస్తుందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్నాక చేసినాయన గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

మన అసోసియేషన్ సభ్యుల ఇళ్ళలో గిటార్లు ఎన్ని ఉన్నాయో తెలియదుగాని, వీణలు మాత్రం ఉన్నాయి. నానమ్మో అమ్మమ్మో పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొబ్బిలి వీణ, ఒక్క పనసదుంగలో తొలిచినది, పాత దుప్పటి చుట్టుకుని అటక మీద పడుకుని ఉంటుంది. దసరాకు దింపి బొట్టు పెడతాం, దశమి దాటగానే మళ్ళీ ఎక్కిస్తాం. అమ్మలేం, వాయించలేం. ఇంట్లో నేర్చుకునేవారు లేకపోతే పక్కింటి కన్నడ పిల్లో, ఎదురింటి ఒడియా పిల్లో నేర్చుకుంటూ ఉండవచ్చు. వీణకు మాతృభాషతో పనిలేదు.

ఈసారి దింపినప్పుడు ముందు తీగలు మార్పించండి, మైనం వదిలి మెట్లు కదిలి ఉంటే సరిచేయించండి. వాయించే చేతులు మీ వీధిలోనే దొరకవచ్చు. దొరికాక పైసా అడగకండి. వారానికి ఒకసారి మోగాలని మాత్రం చెప్పండి.