వేగులవారి కలహం – వినేవాడు లేని కొలువు



ఉన్నన్నాళ్ళూ పిల్లలకు ఆంధ్ర వ్యాకరణం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడు కామిక్సు పుస్తకం మీద టపా వ్రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చు. నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. వేసవి సెలవులకు సైనిక్‌పురిలోని మా యింటికి వచ్చిన మనుమడు ఒక అమెరికా బొమ్మలకథల సంపుటాన్ని మరచి వెళ్ళాడు. కాలక్షేపానికి తెరచి, కడదాకా చదివి, మరల మొదటికి వచ్చాను. దాని పేరు 'ది జానస్ డైరెక్టివ్'. జానస్ అంటే రోమనుల ద్వారదేవత. ముందొక ముఖం, వెనుకొక ముఖం గలవాడు.

1989లో డి.సి. కామిక్స్ వారు ఈ కథను ఒక్క పత్రికలో గాక, 'చెక్‌మేట్', 'సూయిసైడ్ స్క్వాడ్' మొదలైన అయిదు పత్రికలలో పదకొండు భాగాలుగా నడిపారు. ఒక కథలోని పాత్రలు వేరొక కథలోనికి నడచిపోయే ఈ పద్ధతిని క్రాసోవర్ అంటారు. మనకిది క్రొత్త కాదు. భారతంలో సౌగంధిక పుష్పానికై వెళ్ళిన భీముని దారికి రామాయణంలోని హనుమంతుడు తోక అడ్డుపెట్టడం ఇటువంటిదే కదా!

కథ స్థూలంగా ఇది. అమెరికా ప్రభుత్వానికి అనేక రహస్య సంస్థలు. ఎవరి పని వారిది, ఎవరి గుట్టు వారిది. కోబ్రా అనే దుష్టుడు వీరిలో వీరికి తగవు పెట్టి, అందరూ కొట్టుకొంటూ ఉండగా అంతరిక్షం నుండి దేశాన్ని దెబ్బతీయాలని పన్నుతాడు. సూయిసైడ్ స్క్వాడ్ అధినేత్రి అమాండా వాలర్ స్థానంలో ఆమె పోలికలు గల ఒక మారుమనిషిని కూర్చోబెట్టబోతాడు. ఆమె ఆ మారుమనిషిని చంపి, తానే మారుమనిషినన్నట్లు నటిస్తూ శత్రువు గుట్టు లాగడానికి పూనుకొంటుంది. అయితే ఈ సంగతి తనవారికి సైతం చెప్పదు. ఫలితం ఊహించగలరు. ఒకే ప్రభుత్వపు జీతం తినే రెండు దళాలు ఒకదానినొకటి శత్రువుగా భావించి నెత్తురు కార్చుకొంటాయి.

అన్నట్లు, ఈ కోబ్రా మహాశయుని ఆశయం కలియుగాన్ని తీసుకొని రావడమట! మన పంచాంగాల లెక్కన కలి ప్రవేశించి అయిదువేల యేండ్లు దాటింది. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పినట్లు లేదు.

హాస్యం అటుంచితే, ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు విశాఖదత్తుని ముద్రారాక్షసమే మనసులో మెదలింది. అక్కడా రెండు వేగు వ్యవస్థలు. ఒకటి చాణక్యునిది, రెండవది రాక్షసమంత్రిది. చాణక్యుడు బయటినుండి దండెత్తి రాక్షసుని ఓడించలేదు. భాగురాయణుని వంటి తన మనుషులను మలయకేతుని కొలువులోనే నాటి, ఒక ఉంగరంతో, ఒక దొంగలేఖతో వారిలో వారికి అనుమానం పుట్టించాడు. మలయకేతువు ఆ అనుమానంతో తన పక్షాన ఉన్న అయిదుగురు రాజులను తానే చంపించుకొన్నాడు, రాక్షసుని వెళ్ళగొట్టాడు. కోబ్రా పన్నాగమూ ఇదే.

కాని రెండు కథలకూ ఒక పెద్ద భేదమున్నది. ఈ టపా వ్రాయడానికి అదే కారణం. చాణక్యుడు చంద్రగుప్తునితో కౌముదీ మహోత్సవం విషయమై కలహించినట్లు నటిస్తాడు. లోకమంతా నమ్ముతుంది, రాక్షసుడూ నమ్ముతాడు. కాని అది కృతక కలహమని చంద్రగుప్తునికి ముందే తెలుసు. అమాండా వాలర్ నాటకం మాత్రం ఆమె మనసుకు తప్ప వేరెవ్వరికీ తెలియదు. చాణక్యుని రహస్యానికి వినేవాడొకడున్నాడు. వాలర్ రహస్యానికి లేడు. నా దృష్టిలో ఒకరిది నీతి కావడానికీ, రెండవవారిది అనర్థం కావడానికీ ఈ ఒక్కటే కారణం.

గూఢచార సంస్థలు పరస్పరం తెలియకుండా ఉండడమే తప్పని కొందరంటారు. నేనట్లనను. అర్థశాస్త్రంలో కౌటిల్యుడే వేగులవారు ఒకరినొకరు ఎరుగరాదన్నాడు. ముగ్గురు విడివిడిగా తెచ్చిన మాట ఒక్కటైతేనే నమ్మమన్నాడు. ఎరుగకపోవడం వేగుకు రక్ష. అయితే ఆ మూడు మాటలూ వచ్చి కలిసే చోటొకటి ఉండాలి. ఆ చోటే రాజు చెవి. వేగులు వేరు కావచ్చును గాని, చెవులు వేరు కారాదు. ఎప్పుడైతే ప్రతి సంస్థ అధిపతీ తానే రాజుననుకొంటాడో, అప్పుడు కోబ్రాకు పని సులువవుతుంది.

ఇక మన తెలుగు సంగతి. వేదం వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయం (1897) లోని యుగంధరమంత్రి మన రంగస్థలపు మహా గూఢచారి. పిచ్చివాని వేషంలో తిరిగి తన రాజును ఢిల్లీ చెరనుండి విడిపించుకొన్నవాడు. అదే పేరుతో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ఒక తరాన్ని ఏలాడు. 1966లో కృష్ణగారు గూఢచారి 116గా వచ్చారు. తరువాత మధుబాబుగారి షాడో. తరగతిలో వాచకం మధ్య షాడో నవలను దాచి చదివే పిల్లల చేతుల్లోనుండి ఎన్ని లాగుకొన్నానో, స్టాఫ్ రూములో వాటిని ఎంత ఆత్రంగా చదివానో నాకే తెలుసు.

వీరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పల్లెటూరి కుర్రవాని చేత కూడా పుస్తకం పట్టించినవారు వారు. కాని ఒక్కటి గమనించండి. ఈ కథలలో ఎక్కువభాగం శత్రువు ఎప్పుడూ బయటివాడే. షాడో నవలల్లో సి.ఐ.బి. అధిపతి కులకర్ణిగారు ఆజ్ఞాపిస్తారు, షాడో బయలుదేరుతాడు. కులకర్ణిగారు పొరబడితే దిద్దేవారెవరు? వేరొక శాఖవారి దగ్గర ఉన్న సమాచారం ఆయనకు అందకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న మన నవల పెద్దగా అడుగలేదు. 2018 నాటి 'గూఢచారి' చిత్రంలో నాయకుణ్ణి తన సంస్థే వేటాడడం చూసి, ఆలస్యంగానైనా మనవారు ఇంటి లోపలికి చూశారని సంతోషించాను. అయినా అది ఒక సంస్థలోని కథ. రెండు సంస్థల నడుమనున్న గోడ కథ తెలుగులో ఇంకా రావలసి ఉన్నది.

ఎందుకు రావాలంటారా? ఆ గోడ కల్పన కాదు గనుక. మన దేశంలో విదేశీ వేగు కోసం ఇంటెలిజెన్స్ బ్యూరోనుండి 'రా'ను వేరు చేసినది 1968లో. 1999 కార్గిల్ యుద్ధం తరువాత సుబ్రహ్మణ్యం సంఘం ఎత్తిచూపిన లోపాలలో సంస్థల నడుమ సమన్వయం లేకపోవడం ఒకటి. తరువాత 2001లో సమాచారమంతా ఒకచోట చేర్చడానికి మల్టీ ఏజెన్సీ సెంటర్ ఏర్పడింది. ముంబయి దాడుల తరువాత 2008 చివర ఎన్.ఐ.ఎ. వచ్చింది. అమెరికాలోనూ సెప్టెంబరు 11 దాడులపై 2004లో వెలువడిన నివేదిక సి.ఐ.ఎ., ఎఫ్.బి.ఐ.లు తెలిసినది పంచుకోలేదని ఆక్షేపించింది. బొమ్మలకథ పదిహేనేండ్ల ముందే చెప్పినదాన్ని పెద్దలు నివేదికగా వ్రాశారన్నమాట.

మన నగరానికే రండి. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల వ్యవధిలో రెండు బాంబులు ప్రేలి 15 మందికి పైగా మరణించారు. రక్తపు మరకలారకముందే, ముందుగా హెచ్చరించామని కేంద్రమూ, అటువంటి హెచ్చరికలు మామూలుగా వచ్చేవేనని రాష్ట్రమూ వాదించుకొన్నవి. అందులో ఎవరి మాట ఎంత నిజమో తీర్పు చెప్పడానికి నేను తగను. కాని పంపినవాడు పంపాననీ, అందుకొన్నవాడు అందీ అందనట్లున్నదనీ అంటే, నడుమ బస్సుస్టాపులో నిలబడినవాడి గతి ఏమిటి? నాకు అమాండా వాలర్ కంటె ఆ బస్సుస్టాపే ముఖ్యం.

మా సైనిక్‌పురి విశ్రాంత సైనికోద్యోగుల కాలనీగా పుట్టినది. సాయంకాలపు నడకలో వారి మాటలు చెవిన పడుతూ ఉంటాయి. తెలియవలసినవానికి తెలియవలసినంతే చెప్పాలన్నది వారి సూత్రం. సరియైన సూత్రమే. కాని తెలియవలసినవాడెవడో నిర్ణయించేది ఎవరన్నదే అసలు చిక్కు. ఆ నిర్ణయం పొరబడితే చెల్లించేది సూత్రం చెప్పినవాడు కాదు.

కాబట్టి క్రొత్తగా కథలు వ్రాస్తున్న మిత్రులకు నా మనవి. తుపాకులూ, కారు ఛేజులూ ఉండనివ్వండి. కాని ఒక్క కథలోనైనా ఇద్దరు మంచి అధికారులను, ఇద్దరూ దేశభక్తులనే, ఎదురెదురు గదులలో కూర్చోబెట్టండి. ఒకరి బల్లమీద సగం కాగితం, రెండవవారి బల్లమీద మిగతా సగం పెట్టండి. నడుమ తలుపు మూసి ఉంచండి. దుష్టుడు లేకుండానే కథ నడుస్తుంది.

ఇటువంటి తెలుగు కథ ఇదివరకే వచ్చి, నా కంటబడకపోయి ఉంటే దయచేసి తెలుపండి. వెదకి చదువుతాను; నా మాట వెనుకకు తీసుకొంటాను.