బండి మనది, పేరు ఇంకొకరిది. మరి ఇన్సూరెన్స్ ఎవరిది?



పోస్టు కొంచెం పొడుగుంటది. ఇంట్ల సెకండ్ హ్యాండ్ కారు, ట్రాక్టర్, బైకు ఏదున్నా ఆఖరిదాకా చదవండి.

మన పెద్దేముల్ మండలంల ఏ ఊరి కచ్చీరు కాడ కూసున్నా పది బండ్లు కనబడతయ్. వాటి ఆర్సీలు తీసి చూడండి. ఒకటి తాండూరు సేటు పేరు మీదుంటది. ఇంకొకటి అమ్మి పుణె పోయినాయన పేరు మీదుంటది. మరొకటి చనిపోయిన నాయన పేరు మీదనే ఉంటది. నడిపేది మనం, డీజిల్ పోసేది మనం, ఏడాదికోసారి ఇన్సూరెన్స్ కట్టేది మనం. కట్టినం కాబట్టి మనకేం భయం లేదనుకుంటం. ఆ ధీమానే తప్పు అంటున్న నేను.

నా సంగతే చెప్త. నాలుగేండ్ల కింద ఒక పాత కారు కొన్న. వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాసుకున్నం, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టిండ్రు, తాళం చేతికొచ్చింది. పేరు మార్పిద్దాం తియ్ అనుకుంటనే మూడేండ్లు గడిచినయ్. ఏటా ఫోన్ల బండి నంబర్ కొట్టి ఫుల్ ఇన్సూరెన్స్ కట్టిన. పోయిన వానాకాలం గాలిదుమారానికి వేపచెట్టు కొమ్మ ఇరిగి కారు మీద పడ్డది. సర్వేకు వచ్చినాయన ముందుగాల కొమ్మను చూడలేదు, ఆర్సీ చూసిండు. "ఈ పేరు మీదేనా?" అన్నడు. కాదన్న. క్లెయిమ్ అక్కడికే ఆగింది. 62 వేలు నా జేబుల నుంచే పోయినయ్. కోపం వచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే తప్పు నాదే.

ఎందుకంటే ప్రీమియం ఎవరు కట్టినా తీసుకుంటరు. బండి నంబర్ కొడితే పాత ఓనర్ పేరుతోనే పాలసీ వస్తది. ఇచ్చేటప్పుడు మాత్రం పేరు చూస్తరు.

ఇది మనకు తెలియని ముచ్చట కాదు. సాదాబైనామా మీద భూమి కొని, ఇరవై ఏండ్లు దున్నినోళ్లు మన ఊర్లల్ల ఎందరు లేరు? 2018ల రైతుబంధు వచ్చినప్పుడు పైసలు దున్నినోళ్లకు పడలేదు, పాస్‌బుక్కుల పేరున్నోళ్లకు పడ్డయ్. రైతుబీమా కూడా అంతే. బాండ్ పేపర్ మీద కొన్న బండి కూడా సాదాబైనామానే. భూమి కాడ ఏడ్చినోళ్లం బండి కాడ మళ్లీ అదే తప్పు చేస్తున్నం.

కొందరంటరు, "ఇన్సూరెన్స్ బండితోనే వస్తది, పేరు మారకున్నా నడుస్తది" అని. అది సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మితే దాని థర్డ్ పార్టీ బీమా కొన్నోళ్లకు మారినట్టే లెక్క. అంటే మన బండి తగిలి వేరేవాళ్లకు దెబ్బ తాకితే వాళ్లకు రక్షణ ఉంటది. కానీ మన బండికి అయిన నష్టానికి అది వర్తించదు. దానికి కొన్న 14 రోజుల లోపల కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ మన పేరు మీదికి మార్పించుకోవాలె.

ఇంతకంటే పెద్దది ఇంకొకటుంది. పాలసీల 15 లక్షల ప్రమాద బీమా ఉంటది, ఓనర్ కమ్ డ్రైవర్ కవర్ అంటరు. అది రావాలంటే నడిపినాయన పేరు ఆర్సీల ఉండాలె, పాలసీల ఉండాలె, చెల్లే లైసెన్స్ ఉండాలె. నాయన పేరు మీదున్న ట్రాక్టర్ కొడుకు నడుపుతా బోల్తా పడితే, ఆ 15 లక్షలు కొడుకు పెండ్లాం పిల్లలకు రావు. ఏటా ప్రీమియం కట్టింది ఆ కొడుకే అయినా రావు.

మన పక్క కర్ణాటకల జరిగిన కేసు చెప్త. ఇల్కల్ నుంచి ఒకాయన ఇంకొకరి బైకు అడిగి తీసుకుని సొంతూరికి బయల్దేరిండు. ముందు ఇనుప రేకులతో పోతున్న ఎడ్లబండి ఒక్కసారిగా ఆగింది, గుద్దుకుని చనిపోయిండు. భార్య పరిహారానికి కోర్టుకు పోయింది. 2009ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే, బండి అడిగి తీసుకున్నాయన ఓనర్ స్థానంల ఉన్నట్టే, కాబట్టి 163-ఎ సెక్షన్ కింద పరిహారం రాదు అని. నింగమ్మ కేసు అంటరు దాన్ని. దోస్తు బండి మీద అంగడికి పోయేటోళ్లు ఇది యాది పెట్టుకోవాలె.

ఇగ అమ్మినోళ్లు. "నేను అమ్మేసిన, నాకేం సంబంధం" అనుకోకండి. ఒక కారు చేతులు మారుకుంటా పోయింది, ఆర్సీల మాత్రం మొదటి ఓనర్ పేరే ఉండిపోయింది. 2009ల ప్రమాదమైంది, పిలగాడు చనిపోయిండు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసుల 2018 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రికార్డుల ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్, పరిహారం వాళ్లదే బాధ్యత. ఎప్పుడో అమ్మిన బండికి ఇవ్వాళ మన పొలం అమ్ముకునే గతి రావచ్చు.

ఎందుకు మార్పించుకోమో నాకు తెలుసు. ఒక దినం పని పోతది, బ్రోకర్ పైసలడుగుతడు, అమ్మినాయన దొరకడు, ఫైనాన్స్ తీరదు. అన్నీ నిజమే. కానీ ఒక దినం కూలి ఎక్కువా, 15 లక్షలు ఎక్కువా?

చేయాల్సింది ఇది. కొనేనాడే ఫారం 29, ఫారం 30 మీద అమ్మినాయన సంతకాలు తీసుకోండి. ఫైనాన్స్ ఉంటే తీర్చినట్టు ఫారం 35, ఎన్‌ఓసీ తీసుకోండి. మన రాష్ట్రంల అయితే అమ్మినాయన 14 రోజులల్ల, కొన్నాయన 30 రోజులల్ల ఆర్టీఏకు తెలపాలె. సేడం, చించోళి దిక్కు నుంచి కర్ణాటక బండి తెస్తే ఫారం 28 ఎన్‌ఓసీ లేకుండా పైసలియ్యకండి. ఓనర్ చనిపోతే వారసులు మూడు నెలలల్ల ఫారం 31 పెట్టుకోవాలె. ఆర్సీ మారంగనే కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చి పాలసీల పేరు మార్పించుకోండి. ఆ కాయిదం చేతికొస్తేనే పని అయినట్టు.

నా మాట ఒక్కటే. పేరు మారనిది పూర్తి పైసలియ్యకండి. పేరు మారనిది తాళం ఇయ్యకండి. చుట్టమైనా సరే, బామ్మర్దైనా సరే. ముందుగాల మొహమాటపడితే తర్వాత పగలైతయ్.

ఈ రాత్రి అన్నం తిన్నంక బీరువాల నుంచి ఆర్సీ, పాలసీ రెండూ బయటికి తీయండి. రెండిట్ల పేరు మీదేనా చూడండి. కాకపోతే రేపే బయల్దేరండి. నేను 62 వేలు కట్టి నేర్చుకున్న, మీరు ఊకెనే నేర్చుకోండి.