బోల్టు మీద బలం చూపించకండి

గుళ్లో నాతో సేవ చేసేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. కాస్త గట్టిగానే చెప్తాను. తుప్పు పట్టిన బోల్టు ఊడకపోతే ఇంకా బలంగా తిప్పడం సేవ కాదు. పని చెడగొట్టడం.

మా గుడి అమెరికాలో మంచు పడే ఊళ్లో ఉంది. చలికాలమంతా మెట్ల మీద ఉప్పు చల్లుతాం. ఆ ఉప్పునీళ్ళు రెయిలింగు బోల్టుల్లోకి దిగుతాయి. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. మరల మధ్య సందంతా అది నిండిపోతే నట్టు బిగుసుకుపోతుంది.

అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారు? డబ్బాలో చేతికి దొరికిన పానా తీస్తారు. ఇక్కడే అసలు చిక్కు. రెయిలింగు అమెరికాది, బోల్టులు అంగుళాల లెక్క. ఇండియా నుంచి వచ్చిన రథానివి మిల్లీమీటర్ల లెక్క. మన డబ్బాలో రెండూ కలిసిపోయాయి. 3/4 అంగుళం, 19 మిల్లీమీటర్లు దాదాపు ఒకటే. అందుకని "ఏదైనా పరవాలేదు" అనుకుంటారు. కానీ అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పెడితే కొంచెం వదులు. మామూలు బోల్టుకి ఆ వదులు చెల్లుతుందేమో, తుప్పు పట్టినదానికి చెల్లదు. పానా జారుతుంది, మూలలు అరిగిపోతాయి. ఇక ఏ పానాకీ పట్టు దొరకదు.

పద్ధతి కష్టం కాదు. ముందు వైరు బ్రష్‌తో తుప్పు గీకండి. పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. డబ్ల్యూడీ-40 ఒకసారి కొట్టి రెండు నిమిషాల్లో తిప్పేస్తే లాభం లేదు. 1953లో దాన్ని తయారు చేసింది నీళ్ళని తరిమి తుప్పు రాకుండా ఆపడానికి. పొద్దున సుత్తితో బోల్టు తల మీద చిన్నగా తట్టండి. ఆ అదురుకి తుప్పు పట్టు వదులుతుంది. తర్వాత సరైన సైజు ఆరు మూలల సాకెట్ పెట్టండి. పన్నెండు మూలలది మూలల దగ్గరే పట్టుకుంటుంది, ఆరు మూలలది పక్కల్ని పట్టుకుంటుంది. పిడి పొడుగ్గా ఉండాలి. పిడి రెండింతలైతే అదే చేతికి రెండింతల తిప్పే బలం వస్తుంది. ముందు కొంచెం బిగించి, తర్వాత వదులు చేయండి. అటూ ఇటూ కదిలిస్తూ తీయండి. మంట మాత్రం వద్దు. నూనె అంటుకుంటుంది. జింకు పూత ఉంటే ఆ పొగ మంచిది కాదు.

"పానాలకి డబ్బు దండగ, అన్నదానానికి పెట్టచ్చు కదా" అని కమిటీలో అంటారు. అన్నదానానికి వచ్చే ముసలివాళ్ళు ఏ మెట్లెక్కి వస్తున్నారు? మోకాళ్ళ నొప్పులతో ఏ రెయిలింగు పట్టుకుంటున్నారు? బోల్టు పాడైందని రెయిలింగుకి తాడు కట్టి వదిలేస్తే, ఆ తాడు ఒక మామ్మగారి బరువు ఆపుతుందా? స్వామికి పట్టుబట్టలు కొనడానికి ఎవరూ ఆలోచించరు. రెండు సాకెట్ సెట్లు కొనడానికి మూడు మీటింగులు.

రెండు సెట్లు కొనండి. అంగుళాలది ఒక డబ్బాలో, మిల్లీమీటర్లది ఇంకో డబ్బాలో పెట్టండి. డబ్బా మీద పేరు రాయండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పాత బోల్టు ఊడాక మళ్ళీ దాన్నే పెట్టకండి. కొత్తది పెట్టి, మరలకి యాంటీ సీజ్ రాయండి. రేపు దాన్ని విప్పేవాడు కూడా మనలాంటి వాలంటీరే.