కాంతాసమ్మితమైన విషం

వేదం ప్రభువువలె శాసిస్తుందనీ, పురాణం మిత్రునివలె నచ్చజెబుతుందనీ, కావ్యం మాత్రం ప్రియురాలివలె మనసు కరిగించి తన మాట నెగ్గించుకుంటుందనీ మన ఆలంకారికులు చెప్పారు. ఈ మూడింటిలో కాంతాసమ్మితమైన కావ్యోపదేశానికే బలమెక్కువ అని సాహిత్య విద్యార్థులు తరతరాలుగా గర్వంతో చదువుకుంటున్నారు. అయితే ఆ ప్రియురాలు చెప్పే మాట మంచిదే అయి తీరుతుందన్న పూచీ ఎక్కడున్నది? అమెరికాలోని శ్వేతజాతి దురహంకార సంఘాల చరిత్రను పరిశీలించిన వారికి ఇది కేవలం అలంకారశాస్త్ర చర్చ కాదనీ, ఎందరి ప్రాణాలతోనో ముడిపడిన ప్రశ్న అనీ బోధపడుతుంది.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. బానిసత్వం రద్దయింది. ఆ తరువాత కొద్దికాలానికే టెనెసీ రాష్ట్రంలోని పులాస్కీ అనే చిన్న పట్టణంలో, ఓడిపోయిన దక్షిణ సైన్యంలో పనిచేసిన ఆరుగురు యువకులు కాలక్షేపానికని ఒక సంఘం పెట్టుకున్నారు. అదే కూ క్లక్స్ క్లాన్. కాలక్షేపం త్వరలోనే కిరాతకమయింది. రాత్రివేళ మారువేషాలు వేసుకొని గుర్రాలెక్కి, కొత్తగా వోటుహక్కు పొందిన నల్లజాతివారి ఇండ్లపై పడి కొట్టడం, చంపడం, వారి బడులను తగులబెట్టడం ఆ సంఘానికి వృత్తి అయింది. 1871లో అమెరికన్ కాంగ్రెసు దానిని అణచడానికి ప్రత్యేక శాసనం చేసింది. అధ్యక్షుడు గ్రాంట్ దక్షిణ కెరొలైనాలోని తొమ్మిది కౌంటీలలో హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేసి, సైన్యాన్ని నియోగించి, వందలమందిని నిర్బంధించాడు. మరుసటి ఏటికి ఆ సంఘం చెదిరిపోయింది. 1877లో దక్షిణాది రాష్ట్రాలపై కేంద్ర సైన్యపు కాపు తొలగిన తరువాత నల్లవారి హక్కులు ఒక్కొక్కటిగా హరించుకుపోయిన మాట నిజమే. కాని క్లాన్ అనే సంఘం మాత్రం నలభై యేండ్లకు పైగా ఒక జ్ఞాపకంగానే మిగిలింది. ప్రభుసమ్మితం తన పని తాను చేసింది.

చచ్చిన ఆ పామును మళ్ళీ లేపినది రాజకీయవేత్త కాదు, సేనాని కాదు, ఒక నవలాకారుడు. ఉత్తర కెరొలైనాకు చెందిన థామస్ డిక్సన్ మతప్రబోధకుడు, మంచి వక్త. హారియట్ బీచర్ స్టోవ్ 1852లో ప్రకటించిన ‘అంకుల్ టామ్స్ కాబిన్’ నవలను 1901లో నాటకంగా చూచి ఆయన మండిపడ్డాడు. దానికి జవాబుగా 1902లో ‘ది లెపర్డ్స్ స్పాట్స్’ వ్రాశాడు. 1905లో ‘ది క్లాన్స్‌మన్’ వెలువడింది. అందులో హంతకులు ధర్మరక్షకులయ్యారు, హతులు రాక్షసులయ్యారు. ఈ నవల ఆధారంగానే డి. డబ్ల్యు. గ్రిఫిత్ 1915లో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ చిత్రం తీశాడు. ఆ ఫిబ్రవరిలో దానిని శ్వేతభవనంలో ప్రదర్శించారు. అప్పటి అధ్యక్షుడు విల్సన్ డిక్సన్‌కు సహాధ్యాయి. ఆయన వ్రాసిన చరిత్రగ్రంథంలోని వాక్యాలే ఆ మూకీ చిత్రంలో తెరపై ప్రమాణాలుగా నిలిచాయి.

అదే సంవత్సరం నవంబరులో విలియం సిమన్స్ అనే వ్యక్తి కొద్దిమంది అనుచరులతో అట్లాంటా సమీపంలోని స్టోన్ మౌంటెన్ ఎక్కి, శిలువను మండించి, క్లాన్‌ను పునఃప్రతిష్ఠించాడు. కొన్ని దినాల తరువాత ఆ నగరంలో చిత్రం విడుదలయినప్పుడు, పత్రికలో చిత్రపు ప్రకటన ప్రక్కనే సంఘపు ప్రకటన కూడ అచ్చయింది. ఇక్కడ గమనించవలసిన విశేషమొకటున్నది. పులాస్కీలో పుట్టిన పాత క్లాన్ ఏనాడూ శిలువను మండించలేదు. స్కాట్లండు కొండజాతుల ఆచారంగా వాల్టర్ స్కాట్ 1810లో తన కావ్యంలో వర్ణించిన మండే శిలువను డిక్సన్ తన నవలలోకి తెచ్చుకున్నాడు. నవలలోనుండి అది తెరమీదకు, తెరమీదనుండి కొండమీదకు, కొండమీదనుండి నల్లవారి ఇండ్ల ముంగిళ్ళలోకి వచ్చింది. కవికల్పన నిజమైన మంటగా మారడానికి ఇంతకంటె నిదర్శనం అవసరమా? ఈ రెండవ క్లాన్ నల్లజాతివారితోపాటు కాథలిక్కులను, యూదులను, వలసవచ్చినవారిని ద్వేషించింది. 1920ల నడుమకు దాని సభ్యుల సంఖ్య పదుల లక్షలకు చేరింది. 1925 ఆగస్టులో వేలాదిమంది సభ్యులు ముఖాలు దాచుకోకుండానే వాషింగ్టన్ రాజవీథులలో ఊరేగారు.

గ్రిఫిత్ కళాప్రతిభను మెచ్చుకొని, కళను నీతితో ముడిపెట్టరాదని వాదించేవారున్నారు. ఆ చిత్రంలో దృశ్యసంయోజనం అపూర్వమన్నది కాదనరానిదే. కాని దోషం ఉన్నది ఆ ప్రతిభలోనే. ముసుగు దళం గుర్రాలపై దూసుకువస్తుంటే ప్రేక్షకుని గుండె వారితోపాటు ఉరుకుతుంది. ఎవరిని తరమడానికి వస్తున్నారో ఆ క్షణంలో గుర్తుండదు. అనౌచిత్యం వల్ల రసం రసాభాసమవుతుందని మన శాస్త్రం ఏనాడో చెప్పింది. నిరపరాధులను వేటాడడం వీరమని నమ్మించే కృతి రసాభాసకు పరమోదాహరణం. నేర్పు పెరిగినకొద్దీ నేరం పెరుగుతుందే గాని తరగదు.

ఆ కాలంలో ఎదురుమాట లేకపోలేదు. 1898 నవంబరు 10న ఉత్తర కెరొలైనాలోని విల్మింగ్టన్ నగరంలో శ్వేతజాతి గుంపు నల్లవారి పత్రికాలయాన్ని తగులబెట్టి, అనేకులను చంపి, ఎన్నికైన నగరపాలకులచేత తుపాకి మొనపై రాజీనామాలు చేయించింది. మృతులెందరో నేటికీ లెక్క తేలలేదు. ఈ ఘాతుకానికి నెలల తరబడి దోహదం చేసినవి పత్రికలు. వాటిలో ప్రధానమైన ‘న్యూస్ అండ్ అబ్జర్వర్’ నూటెనిమిదేండ్ల తరువాత, 2006లో, తన పాత్రకు క్షమాపణ చెప్పుకున్నది. ఈ ఘటననే ఇతివృత్తంగా తీసుకొని చార్లెస్ చెస్నట్ అనే నల్లజాతి రచయిత 1901లో ‘ది మారో ఆఫ్ ట్రెడిషన్’ వ్రాశాడు. డిక్సన్ మొదటి నవలకంటె అది ఒక సంవత్సరం ముందే వెలువడింది. కాని పాఠకలోకం డిక్సన్‌ను ఎగబడి కొన్నది. చెస్నట్ పుస్తకం ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 1905లో ‘ది క్లాన్స్‌మన్’ దేశమంతటా మారుమ్రోగుతుండగా చెస్నట్ తన జీవితకాలంలో అచ్చయిన చివరి నవలను ప్రకటించి, క్లీవ్‌లండులో తన సంక్షిప్తలేఖన వృత్తికే అంకితమయ్యాడు. 1932లో మరణించేవరకు ఆయన నవల మరొకటి వెలుగు చూడలేదు.

కథకు అంతటి శక్తి లేదని భావించేవారు తరువాతి చరిత్రను కూడ చూడాలి. 1936లో వెలువడిన ‘గాన్ విత్ ది విండ్’ క్లాన్‌ను విషాదకరమైన ఆవశ్యకతగా చిత్రించింది. మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందింది. 1978లో ఒక నాజీ భావాల నాయకుడు మారుపేరుతో ‘ది టర్నర్ డైరీస్’ అనే నవల వ్రాశాడు. అందులోని రహస్యసంఘం పేరునే 1983లో ఒక ముఠా తనకు పెట్టుకొని దోపిడీలకు, హత్యకు పాల్పడింది. 1995లో ఓక్లహామా నగరంలో ప్రభుత్వ భవనాన్ని పేల్చి 168 మందిని బలిగొన్నవాడు ఆ నవలను ఊరూరా తిరిగి అమ్మినవాడే.

అయితే ఇటువంటి పుస్తకాలను నిషేధించడమే మందా? నిషేధం కూడ ప్రభుసమ్మితమే. దాని హద్దు ఏమిటో 1871 శాసనం చూపనే చూపింది. కథకు జవాబు మరొక కథే. కాని ఆ జవాబు వ్రాసినంత మాత్రాన చాలదు; దానిని కొని, చదివి, పాఠశాలలకెక్కించి, మరుగున పడకుండ కాపాడేవారు కావాలి. చెస్నట్‌ను ఓడించినది డిక్సన్ కలం కాదు, పాఠకుల ఉపేక్ష. సహృదయుడంటే రసం గ్రోలేవాడు మాత్రమే కాదు. తన గుండె ఎవరి గుర్రం వెంట ఉరుకుతున్నదో చూచుకునేవాడు కూడ.

చెస్నట్ నవల చివర నల్లజాతి వైద్యుడొకడు కనబడతాడు. అల్లర్లలో అతని ఏకైక కుమారుడు చనిపోయాడు. అతడు కట్టించిన ఆసుపత్రి బూడిదయింది. ఆ అల్లర్లకు ఆజ్యం పోసిన పత్రికాసంపాదకుని బిడ్డ అదే రాత్రి కొనఊపిరితో ఉన్నాడు. కాపాడగలవాడు ఈ వైద్యుడొక్కడే. అతడు వెళతాడు. మేడమెట్లు ఎక్కుతుండగానే నవల ముగుస్తుంది. ఆ బిడ్డ బ్రతికాడో లేదో రచయిత చెప్పలేదు.