హలం లేని బలరాముడు

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. కూర సంగతి ఎలా ఉన్నా, ఆటగాళ్ళ విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. మా నల్లగండ్లలో సాయంత్రం పూట నాలుగడుగులు వేశారంటే అర్జెంటీనా మెస్సీ, పోర్చుగల్ రొనాల్డో వీధికి ఇద్దరేసి చొప్పున ఎదురవుతారు - పిల్లల చొక్కాల మీద. వారు ఏ ఏట ఏ జట్టులో ఆడారో ఆ పిల్లలకు ఎక్కాలకంటె బాగా వచ్చు. అదే పిల్లల్ని "బలరాం ఎవరోయ్?" అని అడగండి. తెలివైనవాడు "కృష్ణుడి అన్నయ్య" అంటాడు. తెలుగు పంతులుగా నేను అందుకు సంతోషించవలసిందే. కాని నేనడిగే బలరాముడు వేరు. ఈయన చేతిలో నాగలి లేదు. కాలి ముందు బంతి ఉంది.

తులసీదాస్ బలరాం పుట్టింది 1936 అక్టోబరు 4న, సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో. నగరానికి ఈ కొసన మా నల్లగండ్ల అయితే ఆ కొసన అమ్ముగూడ. ఇంటి భాష తమిళం, ఇంటి ఆస్తి పేదరికం. కొత్త బూట్లు కొనే తాహతు లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో ఒక జత కుట్టించుకున్నాడని చెప్పుకుంటారు.

ఈ కుర్రవాణ్ణి పట్టుకున్న కన్ను సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. వృత్తికి బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చి, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును ఇక్కడికి మోసుకొచ్చిన మనిషి. అభ్యాసానికి రమ్మని ఆయన పిలిస్తే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట బలరాం. అప్పుడు పంతులుగారు ఉపన్యాసం ఇవ్వలేదు. సైకిలు అద్దెకు డబ్బులిచ్చారు.

ఆ సైకిలు ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళింది. అక్కడ మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, యుగోస్లావియా చేతిలో 1-4తో ఓడి, నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో బలరాం ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. 1960లో రోము వెళ్ళింది. హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు, రెండూ ఇతనివే. 1962లో జకార్తా వెళ్ళింది. దక్షిణ కొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణ పతకం తెచ్చుకున్నాం. చునీ గోస్వామి, పి. కె. బెనర్జీ, బలరాం - ఈ ముగ్గురి పేర్లూ అప్పట్లో ఒక్క ఊపిరిలో చెప్పేవారు. నడుమ కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1961లో నాయకుడై ఆ జట్టుకు లీగు గెలిపించాడు. 1962లో అర్జున పురస్కారం వచ్చింది.

ఇక్కడ మరొక పేదవాడి కథ చెప్పాలి. మెల్బోర్న్‌లో మనల్ని ఓడించిన యుగోస్లావియాను చివరి ఆటలో 1-0తో ఓడించి పతకం పట్టుకుపోయింది సోవియట్ జట్టు. ఆ జట్టు గోలు కాపలాదారు లెవ్ యాషిన్. మాస్కో కార్మిక కుటుంబంలో పుట్టి, యుద్ధకాలంలో బడి ఈడులోనే కర్మాగారంలో పనికి వెళ్ళినవాడు. మాస్కో డైనమో అతణ్ణి చేరదీసింది. అంతే, మరి వదల్లేదు. ఇరవై ఏళ్ళ పాటు ఆ ఒక్క క్లబ్బుకే ఆడాడు. 1971లో వీడుకోలు ఆట ఆడితే చూడడానికి లక్ష మంది వచ్చారు.

1963 అనే సంవత్సరాన్ని కాస్త పట్టి చూడండి. ఆ ఏడు యాషిన్‌కు ఐరోపా ఉత్తమ ఆటగాడి బంగారు బంతి లభించింది. గోలు కాపలాదారుల్లో ఆ బహుమతి అందుకున్నవాడు ఈనాటికీ అతనొక్కడే. ఆ ఏడే, జూన్ 11న, రహీం గారు కాన్సరుతో కన్నుమూశారు. ఆ ఏడే ఊపిరితిత్తుల జబ్బు చేసి బలరాం ఆట మానుకున్నాడు. వయస్సు ఇరవై ఏడైనా నిండలేదు. యాషిన్ అప్పటికి ముప్ఫయి దాటినవాడు, ఇంకా ఏడెనిమిదేళ్ళు ఆడాడు. తేడా కాళ్ళలో లేదండీ. ఒకరి వెనుక ఒక వ్యవస్థ నిలబడింది. రెండోవాడి వెనుక ఒక్క మనిషి నిలబడ్డాడు. ఆ మనిషి కూడా పోయాడు.

తరవాత బలరాం బెంగాలులోనే ఉండిపోయాడు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో బ్రహ్మచారిగా గడిపి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. ఆ ముగ్గురిలో ఇద్దరికి పద్మశ్రీ వచ్చింది. ఇతనికి రాలేదు. మరుసటి ఏడు రహీం గారి మీద హిందీ సినిమా వచ్చినప్పుడు, మనవాళ్ళు చాలామంది "ఈయన మన ఊరివాడా!" అని నోరు తెరిచారు.

సరే, పోయినవారికి పతకాలు లేవని విచారించి లాభమేమిటి? ఉన్నవారి మాట చూద్దాం. మా పేటలో ఆట స్థలాలకు కొదవ లేదు. పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల, రాత్రి పగలయ్యే దీపాలు. గంటకు ఇంత అని అద్దె. ఆ వల బయట, కట్టడం మొదలుకాని ఖాళీ స్థలంలో, మేస్త్రీల పిల్లలు, కాపలాదార్ల పిల్లలు వట్టి కాళ్ళతో బంతి తంతుంటారు. వారిలో ఒక కుర్రవాడు ఎడమ కాలితో బంతిని ఆపే తీరు చూసి నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆ స్థలంలో పునాది తవ్విన నాడు ఆ ఆట ఆగిపోతుంది.

ఆ కుర్రవాడు బలరాం అవుతాడని నేను జోస్యం చెప్పను. కాని అవుతాడో కాడో తెలిసేది వల లోపలికి రానిస్తేనే కదా! వారానికి రెండు గంటలు అద్దె లేకుండా ఆ తలుపు తీస్తే యజమానుల ఆస్తి కరగదు. నాలుగిళ్ళవారు కలిసి ఒక జత బూట్లు కొంటే సంసారాలు కూలిపోవు. పిల్లవాడిలో ఏముందో చూడడం పంతుళ్ళ పని, ఒప్పుకుంటాను. సైకిలు అద్దె ఇవ్వడానికి మాత్రం పంతులే కానక్కరలేదు.