శ్వేతను చంపినదెవరు?

‘క్షణం’ చిత్రం మాట వస్తే మనవాళ్లు రెండు జట్లవుతారు. లిటిల్ ఇండియాలో ఆదివారం కాఫీల దగ్గర రెండు వాదాలూ విన్నాను. ‘‘మొదటి సగం నత్తనడక, పాటలేవి, ఫైట్లేవి?’’ అంటుంది ఒక జట్టు. ‘‘చివర్లో ఆ మలుపు చూశారా, ఏం బుర్ర!’’ అంటుంది రెండోది. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారని నా అభియోగం.

2016లో రవికాంత్ పేరేపు దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రం కథ, చూడనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం చేసుకుంటున్న రిషికి ఒకనాటి ప్రియురాలు శ్వేత ఫోను చేసి, తన కూతురు రియా కనబడటం లేదు, వెతికిపెట్టమంటుంది. అతను హైదరాబాదు వస్తాడు. మాకసలు పిల్లలే లేరంటాడు భర్త. పోలీసులదీ అదే మాట. ఒక దాడిలో గాయపడి కోమాలోకి వెళ్లి వచ్చిన మనిషి గనుక లేని బిడ్డను ఊహించుకుంటోందని అందరూ తేల్చేస్తారు. చివరికి రిషి కూడా అదే నమ్ముతాడు. శ్వేత ప్రాణం తీసుకుంటుంది. బిడ్డ ఉన్నదన్న ఆధారం అతని కంట పడేది ఆ తరువాతనే.

మలుపును మెచ్చుకునే పెద్దలారా, ఆ మలుపు వచ్చేసరికి తల్లి లేదు! దుండగులను హీరో పట్టుకుంటే చప్పట్లు కొట్టాం. ఆమెను నమ్మని మంచివాళ్ల జాబితాలో హీరో పేరు కూడా ఉన్నదని మరిచాం. ఇక నత్తనడక అనేవారికి ఒక మాట. అపనమ్మకం కత్తిపోటు కాదు, ఒక్కసారిగా తగలడానికి. ఒకరి తరువాత ఒకరు ‘‘పాపం, మతి చలించింది’’ అంటూ పోతే, కొన్నాళ్లకు ఆ మనిషికి నిలబడే చోటే ఉండదు. దాన్ని పరుగెత్తించి చూపితే అబద్ధమయ్యేది.

1965లో ఆటో ప్రెమింజర్ తీసిన ‘బన్నీ లేక్ ఈజ్ మిస్సింగ్’లోనూ ఇదే చిక్కు. అమెరికా నుంచి లండనుకు కొత్తగా వచ్చిన తల్లి బడిలో దింపిన పాప మాయమవుతుంది. ఆ ఊళ్లో పాపను చూసినవారే దొరకరు. పరాయి ఊళ్లో సాక్షులు లేని తల్లి! మనకిది పరాయి కథా? మన ఊరైతే పక్కింటి పిన్నిగారో, పాలవాడో వచ్చి సాక్ష్యం చెబుతారు. డిపెండెంట్ పాస్ మీద వచ్చి పన్నెండో అంతస్తులో కాపురముంటున్న ఇల్లాలి మాటకు భర్త తప్ప సాక్షి ఎవరు?

మా వైద్యుల సంగతీ చెప్పాలి. ‘‘ఏమ్మా, ఏమిటి బాధ?’’ అని ఆమెను అడిగితే, ‘‘ఏం లేదు డాక్టర్, ఊరికే ఊహించుకుంటుంది’’ అని భర్త జవాబు చెబుతాడు. కాగితం మీదికి ఎక్కేది ఆ జవాబే. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, ఆరు నెలలు దాటినా మనిషిని కుంగదీస్తూనే ఉండే దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. మంచిదే. కానీ నెలలు లెక్కపెట్టడం వచ్చినంత మాత్రాన వినడం వచ్చినట్టేనా?

‘‘సినిమాలో బిడ్డ నిజంగా ఉంది కాబట్టి సరిపోయింది, లోకంలో అన్నివేళలా అలా ఉంటుందా?’’ అని అడగవచ్చు. ఈ చిత్రంతో నా తగవు కూడా అక్కడే. బిడ్డ దొరకడంతో శ్వేత మాట నెగ్గింది. బిడ్డ లేకపోతే ఆ చావు న్యాయమయ్యేదా? ఊహే అనుకుందాం, ఆ తల్లి ఏడుపు కూడా ఊహేనా? భ్రమపడిన మనిషికి మరింత తోడు కావాలి, తీర్పు కాదు.

కనుక నా మనవి ఇది. మన సంఘంలో ఏ ఇల్లాలి గురించైనా ‘‘ఆవిడకు కాస్త తేడాగా ఉంది’’ అని వినబడితే తల ఊపి ఊరుకోవద్దు. వెళ్లి, ఇంట్లోవారిని కాసేపు అవతలికి పంపి, ఆవిడనే అడగండి. చెప్పింది చివరిదాకా వినండి. ఆధారాల సంగతి ఆ తరువాత చూసుకుందాం.